నాన్న మందుల చీటీ, ప్లాన్ వాళ్ల జాబితా

అమెరికాలో అరవై అయిదు దాటిన అమ్మానాన్నలున్న ఇళ్లకి ఏటా సెప్టెంబర్ నెలాఖరుకల్లా ఒక లావుపాటి కవరు వస్తుంది. పిజ్జా కూపన్లు, ఫర్నిచర్ షాపు కరపత్రాలు, కారు ఇన్సూరెన్స్ ప్రకటనల మధ్య అది కూడా పోస్టుబాక్సులో పడి ఉంటుంది. చాలా ఇళ్లలో వాటితో కలిసే చెత్తబుట్టలోకి వెళ్లిపోతుంది. అందులో ఉండేది పెద్దవాళ్ల మందుల ప్లాన్ వచ్చే జనవరి నుంచి ఎలా మారబోతోందో చెప్పే నోటీసు. ఏ మందు ధర పెరుగుతుందో, ఏ మందు జాబితాలోంచి పోతుందో అందులో రాసి ఉంటుంది. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, పేజీలకి పేజీలు.

ఈ వారం ఆ కవరు విప్పుదాం.

"మాకెందుకీ గోల, మా వయసు ఇంకా ఇరవై ఆరే" అనకండి. మీరు హైదరాబాద్‌లో ఉండొచ్చు, కానీ డాలస్‌లో ఉన్న అక్క సిటిజన్ అయి అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు పెట్టి ఉండొచ్చు. లేదా న్యూజెర్సీలో మీ పక్క అపార్ట్‌మెంట్ అంకుల్ "బాబూ, ఇదేదో వచ్చింది, కాస్త చూసిపెడతావా" అని తలుపు కొట్టొచ్చు. ఫారం నింపాలన్నా, ఓటీపీ చెప్పాలన్నా, కస్టమర్ కేర్‌తో గంటసేపు మాట్లాడాలన్నా మన ఇళ్లలో ఫోన్ ఎవరి చేతికొస్తుందో మనకి తెలుసు కదా.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తా. నెలకి ప్రీమియం ఎంతో చూసి మందుల ప్లాన్ తీసుకోకండి. మందుల చీటీ చేతిలో పట్టుకుని తీసుకోండి. అదీ ఒక్కసారి కాదు, ప్రతి ఏడూ. ఎందుకో కింద లెక్కతో సహా చూద్దాం.

ఎ, బి, సి, డి

అమెరికాలో పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా పేరు మెడికేర్. మామూలుగా 65 ఏళ్లకి మొదలవుతుంది. దీన్ని నాలుగు భాగాలుగా చెబుతారు.

పార్ట్ ఎ అంటే ఆస్పత్రిలో చేరితే అయ్యే ఖర్చు. పార్ట్ బి అంటే డాక్టర్ దగ్గరికి వెళ్లడం, పరీక్షలు, అలాగే క్లినిక్‌లో కూర్చోబెట్టి ఎక్కించే కొన్ని మందులు. పార్ట్ సి అంటే ఎ, బి రెండిటినీ ఒక ప్రైవేటు కంపెనీ ప్యాకేజీగా ఇవ్వడం. దాన్నే మెడికేర్ అడ్వాంటేజ్ అంటారు. పార్ట్ డి అంటే మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ మీద కొనుక్కునే రోజువారీ మందులు. షుగర్ మాత్ర, బీపీ మాత్ర, గుండె మాత్ర అన్నీ ఇందులోకే వస్తాయి.

పార్ట్ డి నియమాలు పెట్టేది, డబ్బులో పెద్ద వాటా ఇచ్చేది ప్రభుత్వం. ప్లాన్ అమ్మేది మాత్రం ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు. అందుకే ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఉన్న ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాత్రకి వేర్వేరు ధరలు కడుతుంటారు.

దీన్ని రెండు రకాలుగా తీసుకోవచ్చు. ఎ, బి ఉంచుకుని మందులకి విడిగా ఒక ప్లాన్ కొనడం ఒకటి. మందులు కూడా కలిసి ఉన్న అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకోవడం ఇంకోటి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. హెచ్‌ఎంఓ, పీపీఓ రకం అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్నవాళ్లు "మందులకి ఇంకోటి కూడా ఉంటే మంచిదే కదా" అని విడి మందుల ప్లాన్‌లో చేరితే, వాళ్ల అడ్వాంటేజ్ ప్లాన్ రద్దయిపోతుంది.

మనవాళ్లకి ఎప్పుడు వస్తుంది?

తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు పెట్టాలంటే కొడుకో కూతురో సిటిజన్ అయి, 21 ఏళ్లు నిండి ఉండాలి. ఆ కార్డు వచ్చినంత మాత్రాన మెడికేర్ రాదు. 65 ఏళ్లు నిండడంతో పాటు, గ్రీన్ కార్డు మీద వరసగా అయిదేళ్లు అమెరికాలో నివసించి ఉండాలి. అంటే 66వ ఏట కార్డు వచ్చిన నాన్నకి మెడికేర్ వచ్చేది 71వ ఏటన్నమాట. మధ్యలో సుదీర్ఘంగా ఇండియాలో ఉండిపోతే ఈ అయిదేళ్ల లెక్కే దెబ్బతినొచ్చు. అప్పటిదాకా మార్కెట్‌ప్లేస్‌లో దొరికే మామూలు ఆరోగ్య బీమా చూసుకోవాలి. ఇక విజిటర్ వీసా మీద మనవళ్లని చూడ్డానికి వచ్చినవాళ్లకి మెడికేర్‌తో సంబంధమే లేదు.

ఇంకో విషయం. అమెరికాలో సుమారు పదేళ్లు, అంటే 40 క్వార్టర్లు పనిచేసి పన్ను కట్టినవాళ్లకి పార్ట్ ఎ ఉచితం. మనం కట్టే పన్ను మాత్రం అమ్మానాన్నల ఖాతాలో మామూలుగా కలవదు. ఎప్పుడూ అక్కడ ఉద్యోగం చెయ్యని పెద్దవాళ్లు పార్ట్ ఎ కొనుక్కోవాలంటే 2026లో నెలకి 565 డాలర్లు. పార్ట్ బి మామూలు ప్రీమియం 202 డాలర్ల 90 సెంట్లు. పార్ట్ డి తీసుకోవడానికి ఎ, బి రెండూ ఉండాలని లేదు, ఏదో ఒకటి ఉంటే చాలు. ఇంట్లో బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

గారె మధ్య చిల్లు

1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఆస్పత్రి ఉంది, డాక్టర్ ఉన్నాడు, మందుల షాపు మాత్రం అందులో లేదు. దాన్ని చేర్చడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2003 డిసెంబర్ 8న జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకంతో చట్టం వచ్చింది, 2006 జనవరి 1 నుంచి పార్ట్ డి మొదలైంది. అదే చట్టంలో ఒక మెలిక పెట్టారు. మందుల ధర గురించి కంపెనీలతో ప్రభుత్వం బేరమాడకూడదు!

మొదటి ఏడాది లెక్క చూస్తే ఇది ఎవరు డిజైన్ చేశారా అనిపిస్తుంది. మందుల్లో మొదటి 250 డాలర్లు మీరే కట్టాలి. అక్కణ్నుంచి మొత్తం ఖర్చు 2,250 డాలర్లు అయ్యేదాకా పావు వంతు కడితే చాలు. ఆ గీత దాటగానే 5,100 డాలర్ల దాకా మళ్లీ అంతా మీరే కట్టాలి. అది కూడా దాటితే అయిదు శాతం. అంటే మొదట్లో సాయం ఉంది, చివర్లో సాయం ఉంది, మధ్యలో ఏమీ లేదు. దీనికి అమెరికన్లు పెట్టిన పేరు డోనట్ హోల్. మన భాషలో గారె మధ్య చిల్లు. ప్రీమియం మాత్రం ఆ నెలల్లో కూడా కట్టాల్సిందే.

2010 నాటి ఆరోగ్య చట్టం ఆ చిల్లుని మెల్లగా పూడ్చుకుంటూ వచ్చింది. 2020 నాటికి అక్కడ కూడా పావు వంతు కడితే సరిపోయింది. కానీ చివర్లో ఉన్న ఆ అయిదు శాతానికి పైన ఎక్కడా హద్దు లేదు. క్యాన్సర్ లాంటి జబ్బులకి వాడే ఖరీదైన మందుల్లో అయిదు శాతమంటే వేల డాలర్లు.

అసలు మార్పు 2022 ఆగస్టు 16న జో బైడెన్ సంతకం పెట్టిన చట్టంతో వచ్చింది. 2023 నుంచి పార్ట్ డి కింద వచ్చే ఒక్కో ఇన్సులిన్‌కి నెలకి 35 డాలర్లకి మించి కట్టక్కర్లేదు. షింగిల్స్ లాంటి సిఫార్సు చేసిన టీకాలు పార్ట్ డిలో ఉచితం అయ్యాయి. 2024లో ఆ అయిదు శాతం పోయింది. 2025లో ఏడాదికి 2,000 డాలర్ల హద్దు వచ్చింది. 2026లో ఆ హద్దు 2,100. జాబితాలో ఉన్న మందులకి మీ జేబులోంచి అంత కట్టేశాక, ఆ ఏడాది మిగతా నెలలు మందుల షాపులో సున్నా.

బేరమాడకూడదన్న మెలిక కూడా కొంత సడలింది. మొదటి విడతలో పది మందులకి ప్రభుత్వం ధర మాట్లాడింది. ఆ ధరలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మన ఇళ్లలో వినిపించే పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. షుగర్‌కి వాడే జానూవియా నెల మందు లిస్ట్ ధర 2023లో 527 డాలర్లు ఉండేది, ఇప్పుడు 113. రక్తం గడ్డకట్టకుండా వాడే ఎలిక్విస్ 521 నుంచి 231కి దిగింది.

ఒక లెక్క వేద్దాం

ఒక నాన్న ఉన్నారనుకుందాం. గుండె దడకి ఎలిక్విస్, షుగర్‌కి జానూవియా వాడతారు. కొత్త ధరల్లో రెండూ కలిపి నెలకి 344 డాలర్లు. ప్రభుత్వం చెప్పిన ప్రామాణిక ప్లాన్ ప్రకారం 2026లో మొదటి 615 డాలర్లు ఆయనే కట్టాలి. దీన్ని డిడక్టిబుల్ అంటారు. ఆ తర్వాత పావు వంతు.

జనవరిలో మొత్తం 344 ఆయనదే. ఫిబ్రవరిలో డిడక్టిబుల్‌లో మిగిలిన 271, ఆపైన ఉన్న 73లో పావు వంతు కలిపితే 289. మార్చి నుంచి నెలకి 86. ఏడాదికి మొత్తం సుమారు 1,493 డాలర్లు. దీనికి ప్రీమియం అదనం. 2,100 హద్దులో ప్రీమియం కలవదు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, భారమంతా జనవరి, ఫిబ్రవరిలోనే పడుతోంది. డిసెంబర్‌లో 86 కట్టిన మనిషిని జనవరిలో 344 కట్టమంటే గుండె గుభేలుమంటుంది. సంక్రాంతికి "ఈసారి మందులు అయిపోతే తర్వాత తెచ్చుకుందాంలే" అని అమ్మ అంటే దాని వెనక ఈ లెక్క ఉండొచ్చు. దీనికో మందు ఉంది. 2025 నుంచి ప్రతి పార్ట్ డి ప్లాన్ ఒక వాయిదాల పద్ధతి ఇవ్వాలి. షాపులో ఏమీ కట్టకుండా, ఆ ఖర్చుని ఏడాదిలో మిగిలిన నెలల మీద పరిచి, ప్లాన్ వాళ్లకి నెలనెలా కట్టుకోవచ్చు. వడ్డీ లేదు. కానీ అది దానంతట అది రాదు, ఫోన్ చేసి అడగాలి. మొత్తం ఖర్చు దీనివల్ల తగ్గదు, పరుచుకుంటుంది అంతే. అందుకే ఏడాది మొదట్లో చేరితేనే దీంతో ఎక్కువ ఉపయోగం.

రెండోది, ఇది ప్రామాణిక ప్లాన్ లెక్క. నిజం ప్లాన్లు దీన్ని తమకి తోచినట్టు మార్చుకోవచ్చు. కొన్నిటిలో చవక జెనెరిక్ మాత్రలకి డిడక్టిబుల్ ఉండదు. కొన్నిటిలో పావు వంతుకి బదులు మందుకి ఇంత అని ఉంటుంది. అందుకే అసలు కథ ప్లాన్ జాబితాలో ఉంది.

జాబితాలో లేకపోతే?

ప్రతి ప్లాన్‌కి తను డబ్బు కట్టే మందుల జాబితా ఒకటి ఉంటుంది. ఫార్ములరీ అంటారు. దాన్ని మెట్లుగా విడగొడతారు. కింది మెట్టులో చవక జెనెరిక్‌లు, పైకి వెళ్లేకొద్దీ బ్రాండ్ మందులు, అన్నిటికన్నా పైన బాగా ఖరీదైనవి. ఒకే మందు ఒక ప్లాన్‌లో రెండో మెట్టులో, ఇంకో ప్లాన్‌లో నాలుగో మెట్టులో ఉండొచ్చు.

ఇక్కడే చాలామంది తెలుసుకోని సంగతి ఉంది. ఆ 2,100 డాలర్ల హద్దు జాబితాలో ఉన్న మందులకే. జాబితాలో లేని మందు మీ డబ్బుతో కొంటే ఆ ఖర్చు హద్దులో ఒక్క డాలర్ కూడా కలవదు. ప్రభుత్వం ధర మాట్లాడిన మందుల్ని ప్రతి ప్లాన్ జాబితాలో ఉంచాల్సిందే కాబట్టి పైన చెప్పిన నాన్నకి ఆ రెండు మందులతో ఇబ్బంది లేదు. కానీ ఆయన వాడే ఇన్‌హేలరో, కంటి చుక్కల మందో జాబితాలో లేదనుకోండి. నెలకి పది డాలర్లు తక్కువ ప్రీమియం అని తీసుకున్న ప్లాన్ ఒక్క మందుతో ఆ లాభం మొత్తం మింగేస్తుంది.

జాబితాలో ఉన్నా కొన్ని షరతులుంటాయి. మందు ఇచ్చేముందు డాక్టర్ ప్లాన్ దగ్గర అనుమతి తీసుకోవాలనేది ఒకటి. ముందు చవక మందు వాడి చూసి, పనిచెయ్యకపోతేనే ఇది ఇస్తామనేది ఇంకోటి. నెలకి ఇన్ని మాత్రలే అనేది మూడోది. కౌంటర్ దగ్గర "యువర్ ప్లాన్ డజ్ నాట్ కవర్ దిస్" అనగానే మన పెద్దవాళ్లు మొహమాటపడి వెనక్కి వచ్చేస్తారు. రానక్కర్లేదు. డాక్టర్ రాసిన కారణంతో మినహాయింపు అడగొచ్చు. ఆ కారణం అందాక ప్లాన్ 72 గంటల్లో జవాబు చెప్పాలి, ఆరోగ్యానికి ప్రమాదమైతే 24 గంటల్లో. కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. కొత్త ప్లాన్‌లోకి మారిన మొదటి 90 రోజుల్లో అయితే, అప్పటికే వాడుతున్న మందు జాబితాలో లేకపోయినా ఒక నెలకి సరిపడా తాత్కాలికంగా ఇస్తారు. ఆ నెలలో డాక్టర్‌ని కలిసి దారి వెతుక్కోవాలి.

కొన్ని మందులకి పార్ట్ డి అసలు వర్తించదు. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికేవి, చాలా వరకు విటమిన్లు, కేవలం బరువు తగ్గడానికి వాడేవి ఆ కోవలోకి వస్తాయి.

సూట్‌కేసులో మందులు

మన ఇళ్ల ప్రత్యేకత ఒకటుంది. పచ్చళ్లు, పొడులతో పాటు సూట్‌కేసులో మూణ్నెల్ల మందులు కూడా వస్తాయి. అక్కడ చవక, ఇక్కడ ఖరీదు, అర్థమయ్యే విషయమే. కానీ అమెరికా బయట కొన్న మందులకి పార్ట్ డి డబ్బు ఇవ్వదు, ఆ ఖర్చు 2,100 హద్దులో కలవదు. సగం మందులు ఇండియావి, సగం ఇక్కడివి అయినప్పుడు, ఇక్కడి డాక్టర్ దగ్గర సగం జాబితాయే ఉంటుంది. అది డబ్బు కన్నా పెద్ద ప్రమాదం.

పేర్లతో కూడా చిక్కే. మనం పేరాసిటమాల్ అనేదాన్ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన ఒకే మాత్ర ఇండియాలో మామూలు, అమెరికాలో అవి రెండూ విడివిడి మాత్రలు. కాబట్టి ప్లాన్ వెతికేముందు మందు స్ట్రిప్ వెనక్కి తిప్పి, బ్రాండ్ పేరు కాదు, అందులో ఉన్న అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు అనేవి రాసుకోండి. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి అదే కాగితం తీసుకెళ్లి, ఇక్కడ దొరికే సమానమైన మందు రాయించుకోండి. అప్పుడు గానీ ప్లాన్ వెతుకులాటకి అర్థం ఉండదు.

"నాకేం రోగమొచ్చిందని?"

ఈ సంభాషణ చాలా ఇళ్లలో జరిగేదే.

"ఒరేయ్, నాకు బీపీ మాత్ర ఒక్కటేగా. దానికి నెలనెలా వీళ్లకి కప్పం కట్టాలా?"

"ఇప్పుడు ఒక్కటే నాన్నా. రేపు ఇంకోటి వస్తే?"

"వచ్చినప్పుడు చేరదాంలేరా."

నాన్న లెక్క తప్పేం కాదు, కానీ నియమాలు అలా లేవు. మెడికేర్ మొదలయ్యే నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలల గడువు ఉంటుంది. ఆ గడువు దాటాక, దీనికి సమానమైన ఇంకో మందుల బీమా లేకుండా వరసగా 63 రోజులు గడిచాయంటే జరిమానా పడుతుంది. ఖాళీగా గడిచిన ప్రతి నెలకి, జాతీయ ప్రాతిపదిక ప్రీమియంలో ఒక శాతం. 2026లో ఆ ప్రాతిపదిక 38 డాలర్ల 99 సెంట్లు. రెండేళ్లు ఆగి చేరితే 24 శాతం, అంటే నెలకి సుమారు 9 డాలర్ల 40 సెంట్లు. ఒక్కసారి కట్టి ఊరుకునేది కాదిది. పార్ట్ డి ఉన్నంతకాలం, అంటే దాదాపు జీవితాంతం, ప్రీమియంతో పాటు కడుతూనే ఉండాలి. ప్రాతిపదిక పెరిగితే జరిమానా కూడా పెరుగుతుంది.

పైగా "వచ్చినప్పుడు చేరదాం" అంటే జబ్బు వచ్చిన నెలలోనే చేరనివ్వరు. మామూలుగా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకే తలుపు తీస్తారు, బీమా జనవరి 1న మొదలవుతుంది. ఫిబ్రవరిలో పెద్ద జబ్బు బయటపడితే ఆ పది నెలల మందుల ఖర్చు ఎవరిది? ఒక్క మాత్ర వాడే నాన్నకి ఖరీదైన ప్లాన్ అక్కర్లేదు. తక్కువ ప్రీమియం ఉన్నదాంట్లో చేర్పించి, చీటీ పెరిగిన ఏడాది మార్చుకుంటే సరి.

డబ్బు తక్కువున్నవాళ్లకి

ఆదాయం తక్కువగా ఉన్న పెద్దవాళ్ల కోసం ఎక్స్‌ట్రా హెల్ప్ అని ఒక పథకం ఉంది. సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆదాయం పేదరిక రేఖకి 150 శాతం లోపు ఉండాలి, ఆస్తులకి కూడా హద్దు ఉంది. అర్హత వస్తే డిడక్టిబుల్ ఉండదు, ఆలస్యపు జరిమానా పడదు. 2026లో జెనెరిక్‌కి ఎక్కువలో ఎక్కువ 5 డాలర్ల 10 సెంట్లు, బ్రాండ్‌కి 12 డాలర్ల 65 సెంట్లు కడితే చాలు. దరఖాస్తులో అడిగేది పెద్దాయనది, కలిసి ఉంటున్న భార్యది ఆదాయం. కొడుకు జీతం కాదు. అయితే ఆస్తుల దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఉంటున్న ఇల్లు, కారు లెక్కలోకి రావు గానీ, బ్యాంకులో డిపాజిట్లు, ఊళ్లో ఉన్న పొలం లాంటివి దాచిపెట్టకూడదు. అర్హత ఉందో లేదో వాళ్లే తేలుస్తారు.

దసరా, దీపావళి మధ్య చెయ్యాల్సిన పని

అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 అంటే మన పండగల రోజులే. ఎలాగూ అందరూ కలుస్తారు. ఒక్క గంట కేటాయించండి.

మందుల డబ్బా టేబుల్ మీద బోర్లించి, ఒక్కో మందు పేరు, మోతాదు రాసుకోండి. మెడికేర్ డాట్ గవ్ సైట్‌లో ప్లాన్లు పోల్చి చూసే పేజీకి వెళ్లి, ఇంటి జిప్ కోడ్, ఈ మందులు, దగ్గర్లోని రెండు మూడు మందుల షాపులు ఎక్కించండి. ప్రీమియం వరస కాదు, ప్రీమియం, మందుల ఖర్చు కలిపి ఏడాదికి ఎంతవుతుందో చూపించే వరస చూడండి. షాపు మారిస్తే ధర మారుతుందేమో కూడా చూడండి, ప్లాన్‌కి నచ్చిన షాపుల్లో తక్కువ పడుతుంది. పోస్టులో తెప్పించుకుంటే ఇంకా తగ్గొచ్చు. కూపన్ యాప్‌లో ఒక్కోసారి ప్లాన్ కన్నా చవగ్గా దొరుకుతుంది, కానీ అలా కొన్నది సాధారణంగా 2,100 హద్దులో కలవదు.

మీకు కుదరకపోతే, ప్రతి రాష్ట్రంలో ఉచితంగా సలహా ఇచ్చే షిప్ కౌన్సెలర్లు ఉంటారు. వాళ్లకి ఏ ప్లాన్ అమ్మినా కమీషన్ రాదు. 1-800-633-4227కి ఫోన్ చేస్తే మెడికేర్ వాళ్లే మాట్లాడతారు, దుబాసీని అడగొచ్చు, దానికి డబ్బు తీసుకోరు. మీరు పిలవకుండా "మెడికేర్ నుంచి మాట్లాడుతున్నాం, కార్డు నంబర్ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం పెట్టేయమని అమ్మకి గట్టిగా చెప్పండి.

ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది? చాలాసార్లు పాత ప్లానే కొనసాగుతుంది, కొత్త ధరలతో, కొత్త జాబితాతో. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంది, రిలీజ్ నోట్స్ ఎవరూ చదవలేదు. సర్వర్ పడిపోతే మాకు అలారం మోగుతుంది. ఇక్కడ అలారం ఉండదు. మందు ఖరీదు పెరిగిందని పెద్దవాళ్లు మనకి చెప్పరు. రోజూ వేసుకోవాల్సిన మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటారు, లేదా సగానికి విరుస్తారు. పిల్లలకి భారం కాకూడదని.

అందుకే వీడియో కాల్‌లో "మందులు వేసుకుంటున్నారా?" అని అడిగితే సరిపోదు. దానికి జవాబు ఎప్పుడూ "ఆఁ, వేసుకుంటున్నాం" అనే వస్తుంది. "ఈ నెల మందులకి ఎంతయింది?" అని అడగండి. వాళ్లు చెప్పిన అంకె పోయిన నెల కన్నా ఎక్కువైనా, చిత్రంగా తక్కువైనా, ఆ రోజే ప్లాన్ జాబితా తెరవండి.